దయచేసి మీ పిల్లల్ని తప్పిపోనివ్వండి

పండగ సీజన్ వచ్చిందంటే పిల్లలున్న కుటుంబాలకు సలహాలు ఇచ్చేవారు ఎక్కువైపోతారు. ఏ పందిరి చూడాలి, ఏ బొమ్మ కొనాలి, ఏ మేళాలో జెయింట్ వీల్ గట్టిది, ఇవన్నీ చెప్తారు. నేనూ ఒక సలహా ఇస్తాను. మీ పిల్లల్ని తప్పిపోనివ్వండి.

కంగారుపడకండి. నేను బాధ్యత గల మనిషినే. ఖరగ్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, పోయిన సామాను గురించి జనం వచ్చి అరిచే సీటు నాది. పోవడం, దొరకడం అనే రెండు విషయాల మీద నాకున్నంత అనుభవం ఈ డివిజన్‌లో మరొకరికి లేదు. పైగా పెళ్ళి కాలేదు కనుక పిల్లల పెంపకంలో నాకు తెలియనిదంటూ లేదు.

సుభాష్‌పల్లిలో మా చెల్లెలు రెబెక్కా ఇంట్లోనే ఉంటాను. బావ రాజ్ కిరణ్‌కు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు శామ్‌కు ఏడేళ్ళు, చిన్నవాడు సిరిల్‌కు ఐదు. మేము ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళమే. అయినా దుర్గా పూజ రోజుల్లో కొత్త చొక్కా వేసుకుని రోడ్డు మీదికి రాకుండా ఇంట్లో కూర్చోగల మనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. బావ గోల్‌బజార్‌లో ఆఫర్ మీద నీలం చొక్కా కొన్నాడు. ఆ ఆఫర్ చాలా మంచిది. అందుకని సగం ఊరు అదే చొక్కా కొంది.

సప్తమి సాయంత్రం మా ప్రయాణం మొదలైంది. ఈ ఏడాది మా దగ్గరి క్లబ్బు వాళ్ళు పందిరిని తిమింగలం ఆకారంలో కట్టారు. నోట్లోంచి లోపలికి వెళ్ళాలి, కడుపులో అమ్మవారిని చూడాలి, తోకలోంచి బయటికి రావాలి. మా చెల్లెలు దాన్ని చూడగానే బైబిల్లో పెద్ద చేప మింగిన యోనా ప్రవక్తను తలుచుకుంది. యోనా అయినా ఎంతమందిగా లోపలికి వెళ్ళాడో అంతమందిగానే బయటికి వచ్చాడు. మేము ఐదుగురం వెళ్ళి ముగ్గురం వచ్చాం.

పిల్లలు లేరు! రెబెక్కా తోకలోంచి మళ్ళీ లోపలికి పరుగెత్తబోతే వాలంటీర్లు వన్‌వే అన్నారు. బావ తిమింగలం కడుపును వీడియో తీస్తూ నడిచాడు కాబట్టి, ఆ వీడియోలో పిల్లలు ఎక్కడైనా పడ్డారేమో అని ముందు అది చూశాడు. అందులో అమ్మవారు ఉంది, షాండ్లియర్ ఉంది, బావ బొటనవేలు కూడా ఉంది. పిల్లలు లేరు. నేను ఫుచ్కా బండ్లన్నీ, అంటే మన పానీపూరీ బండ్లే, వెతికాను. బెలూన్ల వాళ్ళను, క్యాప్ తుపాకుల వాళ్ళను, బాకాలు ఊదేవాళ్ళను అడిగాను. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. గొంతు పోయింది. అప్పుడు మైకులో వినిపించింది, శామ్, సిరిల్ అనే ఇద్దరు బాబులు తప్పిపోయిన పిల్లల బూత్‌లో ఉన్నారు, కావలసినవారు రావలెను అని.

వెళ్ళి చూశాం. పాఠకులారా, అక్కడ నా కళ్ళు తెరుచుకున్నాయి.

మా వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీలు! పూజ రోజుల్లో ఈ ఊళ్ళో కుర్చీ దొరకాలంటే మంత్రి అయి ఉండాలి, లేదా ముందు వరసలో స్పృహ తప్పాలి. వాళ్ళ నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. చేతిలో సందేశ్ మిఠాయి, పక్కన చల్లటి నీళ్ళు. ఎదురుగా అమ్మవారి ముఖం, మధ్యలో ఒక్క తల కూడా అడ్డం లేకుండా. వీఐపీ పాసు తీసుకున్నవాళ్ళు బయట గొంతెండిపోయి నిలబడి ఉంటే, పాసు లేని మా వాళ్ళు లోపల కాళ్ళు ఊపుకుంటున్నారు. బూత్ చూసుకునే కిరణ్మయి దీదీ సిరిల్‌కు మైకు కూడా ఇచ్చిందట. వాడు సండే స్కూల్లో నేర్చుకున్న పాట ఒకటి పాడితే అష్టదిక్కులా వినిపించిందట. మేము ఆ పాట విని, ఎవరి పిల్లాడో బాగా పాడుతున్నాడే అనుకుంటూ వెతుకుతున్నాం.

కిరణ్మయి దీదీ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బెంగాలీ మనిషే, కానీ రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు పిల్లలతో ఆడి పెరిగింది కనుక మనకంటే ధాటిగా మన భాష మాట్లాడుతుంది. ఆవిడ దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకురావడానికి మాకు చాలా కష్టమైంది. సిరిల్ కుర్చీ పట్టుకుని వదల్లేదు. ఎందుకురా అని అడిగితే, అక్కడ దీదీ తనను ప్రశ్నలు అడిగిందని, తను చెప్పిందంతా విన్నదని చెప్పాడు. ఆ మాట మేము పెద్దగా పట్టించుకోలేదు. సందేశ్ కోసం అబద్ధం ఆడుతున్నాడనుకున్నాం.

ఆ రాత్రి నేను ఆలోచించాను. పండగలో పిల్లల్ని వెంటేసుకుని తిరిగే తల్లిదండ్రులకు ఏం మిగులుతుంది? కాళ్ళనొప్పులు. పోగొట్టుకున్నవాళ్ళకో? పిల్లలకు కుర్చీ, ఫ్యాను, మిఠాయి, పెద్దలకు రెండు చేతులూ ఖాళీ. ఇంత గొప్ప సౌకర్యాన్ని మనం ఇన్నేళ్ళూ ఆపద అనుకుని దూరం పెట్టాం.

అందుకని అష్టమి నాడు వాళ్ళను నేనే స్వయంగా తప్పించాను. బూత్‌కు కాస్త దూరంలో వదిలేసి, ఏడుపు మొహం పెట్టుకుని వెళ్ళమన్నాను. సిరిల్‌కు ఏడుపు రాలేదు. ఆనందంతో గంతులేస్తూ వెళ్ళి, నేను తప్పిపోయాను, ఫ్యాను పక్క కుర్చీ కావాలి అన్నాడట. అయినా చేర్చుకున్నారు. మేము ముగ్గురం హాయిగా ఎగ్ రోల్ తిన్నాం. పెళ్ళయ్యాక రోడ్డు మీద ఒక వస్తువును వేడిగా ఉండగా తినడం ఇదే మొదటిసారి అని మా చెల్లెలు అంది.

మంచి విషయం దాచుకోవడం నాకు చేతకాదు. పార్సిల్ ఆఫీసులో నలుగురికి చెప్పాను. వాళ్ళు తలా నలుగురికి చెప్పినట్టున్నారు. నవమి సాయంత్రానికి బూత్ ముందు తప్పిపోయేవారి లైను తిమింగలం నోటి వరకు వచ్చింది.

తల్లిదండ్రులే పిల్లల చేయి పట్టుకుని లైన్లో నిలబడ్డారు, తప్పిపోవడానికి. మావాడు సాయంత్రం నుంచి తప్పిపోయి ఉన్నాడు, ఇంకా లోపలికి తీసుకోలేదని ఒకాయన వాలంటీరు మీద విరుచుకుపడ్డాడు. ఒకావిడ ఏసీ బూత్ లేదా అని అడిగింది. మీసాలు వచ్చిన కుర్రాడొకడు, వయసు ఆరు అని చెప్పి దూరబోతే గొంతు విని పట్టుకున్నారు. రైల్వే ఊరు కనుక జనం త్వరలోనే పద్ధతి కనిపెట్టారు. కుర్చీ దొరికినవాడు కన్ఫర్మ్. ఒక కుర్చీలో ఇద్దరిని కూర్చోబెడితే ఆర్ఏసీ. బయట నిలబడ్డవాడు వెయిటింగ్ లిస్టు. లోపల ఒక బాబును వాళ్ళమ్మ తీసుకుపోతే, బయట పది కుటుంబాలు చప్పట్లు కొట్టాయి. నిజంగా తప్పిపోయిన పిల్లాడొకడు ఏడుస్తూ వస్తే, లైన్లో రమ్మన్నారు.

అక్కడే కిరణ్మయి దీదీ కోపం పట్టలేకపోయింది. ఆ ఏడుస్తున్న పిల్లాడిని ఎత్తుకుని తన బల్ల మీద కూర్చోబెట్టుకుని, మైకులో కొత్త రూలు చదివింది. ఇక మీదట పిల్లాడు కావాలంటే ముఖం చూపించి తీసుకుపోవడం కుదరదు. తన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే పిల్లాడు ఇక్కడే ఉంటాడు.

లైన్లో ఉన్న నాన్నలంతా నవ్వారు. మా బావ కూడా నవ్వాడు. మా వాళ్ళిద్దరూ అప్పటికే లోపల ఆర్ఏసీలో ఉన్నారు.

ఫుచ్కా బండి దగ్గర రెబెక్కాను వదిలి, బావ పిల్లల కోసం వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను. దీదీ మొదటి ప్రశ్నగా శామ్ ఏ సెక్షన్ అని అడిగింది. బావ 'ఏ' అన్నాడు. శామ్ తల అడ్డంగా ఊపాడు. బావ 'బీ' అన్నాడు. దీదీ, ఇది వేలంపాట కాదు అంది. వాడి స్నేహితుడి పేరు అడిగింది. అందరితోనూ బాగుంటాడు అన్నాడు బావ. సిరిల్‌కు దేనికి భయం అని అడిగింది. మావాడికి భయమే లేదన్నాడు. సిరిల్ ఆ మాట విని తన భయాలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ప్రెషర్ కుక్కర్, చర్చిలో గంట కొట్టే తాత, బాత్‌రూమ్‌లో బల్లి. ఇంకా చెప్పేవాడే, దీదీ ఆపింది.

బావ ఫోన్ తీశాడు. స్కూల్ వాట్సాప్ గ్రూపులో చూసి చెప్తానన్నాడు. ఆ జనంలో నెట్‌వర్క్ ఎక్కడిది? చివరికి ఫోటోలు చూపించాడు. పుట్టినప్పటి నుంచి అన్నీ ఉన్నాయి, చూడండి దీదీ, నేనే వాళ్ళ నాన్నను అన్నాడు.

"ఫోటోలు ఎవుడి దగ్గరైనా ఉంటాయి బాబూ. పిల్లోడి గురించి సెప్పమంతన్నాను," అంది దీదీ. "సెప్పలేవా? ఠీక్ హై. నువ్వు కూడా ఇక్కడే కూసో."

మేనమామను కూడా ప్రశ్నలు అడుగుతారా అని నేను వినయంగా కనుక్కున్నాను. అడుగుతాను అంది. నేను ఊరికే చూసిపోవడానికి వచ్చానని చెప్పి పక్కకు జరిగాను.

కాసేపటికి మైకులో ప్రకటన వచ్చింది. నలభై ఏళ్ళ వయసు గల ఒక నాన్న దొరికాడు, నీలం చొక్కా, కొంచెం పొట్ట, చేతిలో ఫోన్, పేరు రాజ్ కిరణ్ అంటున్నాడు, సంబంధించినవారు రావలెను. అదే ప్రకటన బెంగాలీలో, హిందీలో, తెలుగులో వినిపించింది. నీలం చొక్కా వేసుకున్న సగం ఊరు ఉలిక్కిపడింది.

నేను రెబెక్కా దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తొణకలేదు. నోట్లో ఫుచ్కా పెట్టుకుని, నిదానంగా నమిలి మింగింది.

"అక్కడ ఫేనుంది కదా అన్నయ్యా. ఉండనీ," అంది. ఆ తరువాత బండివాణ్ణి చింతపండు నీళ్ళు మరికొంచెం పొయ్యమంది.

ఆవిడ తినేది పూర్తయ్యాక ఇద్దరం బయల్దేరాం. జనం ఎక్కువగా ఉండి బూత్ దాకా వెళ్ళలేక వెదురు గేటు దగ్గర ఆగిపోయాం. రెబెక్కా చెయ్యి ఎత్తి ఊపింది. లోపల్నుంచి దీదీ మా చెల్లెల్ని చూసింది. మైకు దీదీ చేతిలోనే ఉంది, ఆన్‌లోనే ఉంది. అందుకని తరువాతి మాటలు మైదానమంతా విన్నది.

గేటు దగ్గర చెయ్యి ఊపుతున్నావిడ మీ అమ్మేనా అని దీదీ శామ్‌ను అడిగింది.

శామ్ లేచి నిలబడ్డాడు. మా వైపు చూశాడు. కళ్ళు చికిలించాడు. మెడ ముందుకు చాపాడు. మేము మరీ దూరంలో లేము. వాడు మమ్మల్ని చూస్తున్నది మాకు కనబడుతోంది.

"తెలీదు దీదీ," అన్నాడు. "దగ్గిరికొచ్చి మాటాడితే సెప్పగల్ను."

రెబెక్కా ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దీదీ మైకు ఆపేసింది.

ఆ జనాన్ని మా చెల్లెలు ఎలా తోసుకుని వెళ్ళిందో నాకు తెలియదు. నేను వెనకాల చేరేసరికి బావ దీదీ కూర్చోబెట్టిన బెంచీ మీంచి దిగి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. శామ్‌కు వేళ్ళు చూపించి ఎన్ని ఉన్నాయో చెప్పమని అడుగుతున్నాడు. రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ అడిగాడు. ఇంకొంచెం జరిగి మళ్ళీ అడిగాడు. అంతకంటే జరగకుండా ఆగిపోయాడు.

తిమింగలంలో ఎందుకు విడిపోయావురా అని అడిగాడు.

"నీలం సొక్కా ఎనకాలే నడిసినాను నాన్నా. సిరిల్ సెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బయటికొచ్చి సూస్తే ఎవులో."

ఇది ఎప్పట్నుంచి, ముందే చెప్పొచ్చు కదా అన్నాడు బావ.

"సెప్పినాను. స్కూల్లో బోర్డు కనపడతలేదని. నువ్వు ఊఁ అన్నావు."

వాడు దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు. జరిగింది చెప్పాడు, అంతే. బావ రెబెక్కా వైపు చూశాడు. రెబెక్కా నా వైపు చూసింది. నేను అమ్మవారి వైపు చూశాను. ఎందుకంటే వాడు అదే మాట నాకూ చెప్పాడు, నేను పేపరు చదువుకుంటూ, దగ్గరికెళ్ళి చూడరా అన్నాను.

దీదీ సిరిల్ చేతిలో ఇంకో సందేశ్ పెట్టి, మమ్మల్ని వెళ్ళమంది. ప్రశ్నలు మళ్ళీ అడగలేదు.

ఆ పూజకు మా తిరుగుడు అక్కడితో అయిపోయింది. ఇంటికి వచ్చి రెబెక్కా బావ ఫోన్‌లో ఫోటోలన్నీ తీసి చూసింది. బర్త్‌డే ఫోటో, స్కూల్ డే ఫోటో, పోయిన క్రిస్మస్ ఫోటో. దాదాపు ప్రతిదాంట్లోనూ శామ్ కళ్ళు చికిలించే ఉన్నాడు. ప్రతిదాని కిందా బంధువులందరూ ఎర్ర గుండెలు పెట్టారు. స్టైల్ కొడుతున్నాడు అని ఒకరు రాశారు. హీరో చూపు అని ఇంకొకరు. ఆ ఇంకొకరిని నేనే.

దసరా సెలవులు కాగానే కళ్ళ డాక్టరుకు చూపించి, గోల్‌బజార్‌లో కళ్ళద్దాలు చేయించాం. వాటిని పెట్టుకుని శామ్ కొట్టు మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. ఎదురు దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే పైకి చదివాడు. రోడ్డుకు అవతల చేపల బుట్టలో చేపలకు కళ్ళున్నాయని తమ్ముడికి చెప్పాడు. తరువాత నా వైపు తిరిగి, మావయ్యా, నీకు ఇంత ముసలితనం ఎప్పుడొచ్చిందని అడిగాడు. ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

ఇప్పుడు చెప్పండి. పిల్లలు తప్పిపోవడం మంచిదా, కాదా? తప్పిపోకుండా ఆ పండగంతా మా చేతులు పట్టుకునే తిరిగి ఉంటే, వాడికి చూపు ఆనదన్న సంగతి మాకు ఎప్పటికి తెలిసేది? మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం ఉన్నాం. ముగ్గురికీ రెండేసి కళ్ళున్నాయి. మా ముగ్గురికీ కలిపి మూడు కెమెరా ఫోన్లున్నాయి. అయినా వాణ్ణి చూడడానికి బూత్‌లో కూర్చున్న పరాయి మనిషి కావలసివచ్చింది. నా వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి?

కాళీ పూజకు మళ్ళీ బయల్దేరాం, వేరే క్లబ్బుకు. బావ ఫోన్ జేబులోనే ఉంది. అది మూడుసార్లు మోగింది, మూడుసార్లు జేబు తడుముకుని వదిలేశాడు. శామ్ ముందు నడుస్తూ మాకు దారి చెప్తున్నాడు. లైను కదలడం లేదు. ముందు, వెనక, పక్కన ఎటు చూసినా నాన్నలే, పైకెత్తిన ఫోన్లే. లైట్లను వీడియో తీస్తున్నారు. వాళ్ళ తొడల ఎత్తున పిల్లలు ముందువాళ్ళ నడుములు చూస్తూ నిలబడి ఉన్నారు.

అప్పుడు ఆ క్లబ్బు మైకులో ఒక ప్రకటన మొదలైంది. ఒక బాబు దొరికాడు, వయసు సుమారు... అంతే. గరగరమని శబ్దం వచ్చి మైకు ఆగిపోయింది. ఎవరి బాబో, ఏ రంగు చొక్కానో తెలియలేదు.

లైనంతా ఫోన్లు దిగాయి. నాన్నలందరూ ఒక్కసారే తల వంచి, పక్కనున్న పిల్లాడి ముఖం చూసుకున్నారు. కొందరు గడ్డం పట్టుకుని పైకి ఎత్తి మరీ చూశారు. ఒకాయన తన కొడుకునే పేరు అడిగాడు. ఏమైంది నాన్నా అని పిల్లలు అంటుంటే, ఏం లేదురా అంటూ ఇంకా చూస్తున్నారు. పండగల సీజన్ మొత్తంలో ఇంతమంది తండ్రులు తమ పిల్లల్ని చూడగా నేను చూడలేదు.

కనుక కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. దయచేసి ఆ మైకును బాగు చేయించకండి.